దెబ్బకీ దెబ్బకీ మధ్య

మా నాన్న పోయి ఏడు నెలలైంది. పోయే ముందు రెండు నెలలూ ఆయన నన్ను అడిగింది ఒక్కటే, ఒక పాత క్యాసెట్. నేను దాన్ని వెతికి పట్టుకున్నాను, బాగుచేయించాను, నా చేతులారా పాడు చేశాను. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. తండ్రి కోసం ఎంత కష్టపడిందో అని అందరూ మెచ్చుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని విన్నాను. ఇంక నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

నాన్న సాక్సఫోన్ వాయించేవారు. అదీ జాజ్. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఆ సంగీతాన్ని మొదట వాయించింది ఆయనే. ఇవి కూతురి గొప్పలు కావు. ఆ తర్వాత హైదరాబాదు హోటళ్ళలో వాయించి పేరు తెచ్చుకున్న ముగ్గురు నలుగురు ఆదివారాలు బస్సెక్కి మా క్వార్టర్‌కి వచ్చి, వరండాలో బాసింపట్టు వేసుకుని ఆయన దగ్గర నేర్చుకుని వెళ్ళేవారు. మాకు మాత్రం ఆయన పగలు ఫ్యాక్టరీలో ఇనుము పట్టే మనిషి, సాయంత్రం బూర ఊదే మనిషి. క్వార్టర్స్ పిల్లలు నన్ను "బూరాయన కూతురు" అనేవాళ్ళు. ఎంత ఉడుక్కునేదాన్నో!

ఆయన పుట్టింది కోస్తాలో, నాదస్వరం ఇంట్లో. ఐటీఐ చదివి ఇక్కడి ఫోర్జింగ్ కంపెనీలో ఉద్యోగానికి వచ్చారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, గోడలు కూడా లేవు. అక్కడ గోవా నుంచి వచ్చిన ఫోర్మన్ ఒకాయన ఉండేవారట. రిటైరై సొంతూరికి పోతూ తన సాక్సఫోన్, ఓ అరడజను రికార్డులు నాన్న చేతిలో పెట్టి వెళ్ళారు. అంతే, నాన్నకి పిచ్చి పట్టింది. మా తాతయ్య ఒకసారి చూడ్డానికి వచ్చి, విని, "ఇది వాయిద్యమేంట్రా, గొంతు కోసిన కోడి" అని మర్నాడు పొద్దున బస్సుకే తిరిగి వెళ్ళిపోయారు. క్లబ్బులో వార్షికోత్సవానికి వాయిస్తే, సినిమా పాట వెయ్యమని అరిచి అరిచి చివరికి మైకు కట్టేశారు. నాన్న మైకు లేకుండానే ముగించి దిగారు. జాజ్ అంటే అప్పటికప్పుడు కల్పించుకోవడం అనేవారు. ఒకసారి వాయించింది రెండోసారి వాయిస్తే అది తద్దినం అనేవారు. అందుకే ఆయన వాయించినవేవీ మిగల్లేదు. మిగిలింది ఆ ఒక్క క్యాసెట్.

ఫ్యాక్టరీలో నాన్నకి జోడీ ఒకాయన ఉండేవారు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దని పట్టకారుతో పట్టుకుని తిప్పడం నాన్న పని. పైనుంచి రెండు టన్నుల హ్యామర్ వెయ్యడం ఆయన పని. హ్యామర్ డ్రైవర్ అంటారు. బొంతపల్లి దగ్గర పల్లె ఆయనది. నాన్నకంటే రెండేళ్ళు పెద్ద. నాన్న "అన్నా" అంటే ఆయన "తమ్మీ" అనేవారు, నేను పెదనాన్నా అనేదాన్ని. ఇరవై ఆరేళ్ళు ఇద్దరూ ఒకే హ్యామర్ మీద పనిచేశారు. రిటైర్మెంట్ పేరుతో కంపెనీ ఇంటికి పంపేశాక కూడా ఆయన ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి బీరంగూడలో మా ఫ్లాట్‌కి వచ్చేవారు, వీరభద్రుడి గుడి విభూతి పొట్లంతో సహా. ఇద్దరికీ చెవుడే. హ్యామర్ పక్కన బతికినవాళ్ళకి ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయి, పిట్టలు, గాజులు, ఆడవాళ్ళ గొంతులు. నాన్నకి యాభై దాటేసరికి నా గొంతు పోయింది. తర్వాత సాక్సఫోన్ పోయింది. ఒకరోజు వాయిస్తూ వాయిస్తూ ఆపి, దాన్ని తుడిచి పెట్టెలో పెట్టేశారు. "నాకే వినబడనిది ఊరికి వినిపించడమేంటి" అన్నారు. మళ్ళీ తియ్యలేదు. మా పెదాలు ఆయనకి అంతుపట్టేవి కావు, మేం ఆయనతో పలక మీద రాసి మాట్లాడేవాళ్ళం. వాళ్ళిద్దరికీ మాత్రం పలక అక్కర్లేదు. ఆ చప్పుడులో ఏళ్ళ తరబడి పెదాలు చూసి మాట్లాడుకున్నవాళ్ళు కదా, గొంతు పెగల్చకుండానే గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు. చూస్తే నవ్వొచ్చేది, ఒక్కోసారి కుళ్ళు కూడా వచ్చేది.

నాన్నకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. సంగారెడ్డిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతుర్లో పెట్టి చూసి, "ఇంటికి తీసుకెళ్ళి, ఏమడిగితే అది పెట్టండమ్మా" అన్నాడు. ఆక్సిజన్ మిషన్ కొని హాల్లో మంచం పక్కన పెట్టాం. ఆయన తిండి ఏమీ అడగలేదు. "ఆ ఆయుధపూజ టేపు వెతకవే, అన్నా నేనూ ఒక్కసారి వినాలి" అన్నారు. ఎలా వింటారు అని పలక మీద రాశాను. "పెద్ద స్పీకర్ డబ్బా తెప్పించు. చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది" అన్నారు. మిషన్ గొట్టం ముక్కులో పెట్టుకుని, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ అన్నారు.

ఆయుధపూజ నాడు మా ఫ్యాక్టరీలోకి ఇంట్లోవాళ్ళని రానిచ్చేవారు. మిషన్లకి పసుపు రాసి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. నాకు పదేళ్ళప్పుడు, ఆ రోజున, పట్టకారు ఇంకొకరి చేతికిచ్చి, దండ వేసిన హ్యామర్ పక్కన నిలబడి నాన్న సాక్సఫోన్ వాయించారు. పెదనాన్న హ్యామర్ దగ్గర ఉన్నారు, పూజకని ఒక ముద్ద కాల్చి కొడుతున్నారు. టేప్ రికార్డర్ నా ఒళ్ళో పెట్టారు. అమ్మ నా చెవుల్లో దూది కుక్కింది. నాకు గుర్తున్నది దూది, పులిహోర, నాన్న ఉబ్బిన బుగ్గలు. ఆ హ్యామర్ చప్పుడు మాకు కొత్తేం కాదు. క్వార్టర్స్‌లో మేం దాంతోనే నిద్రపోయాం, దాంతోనే ఎక్కాలు వల్లించాం. గిన్నెలు అదిరి పడుతుంటే అమ్మ తిట్టుకుంటూ సర్దేది. కొన్నాళ్ళకి అది ఉన్నట్టే తెలిసేది కాదు. ఊరి నుంచి చుట్టాలొచ్చి "ఈ దెబ్బలేంటమ్మా బాబూ" అంటే "ఏ దెబ్బలు?" అని అడిగేవాళ్ళం.

క్యాసెట్ కోసం మూడు వారాలు ఇల్లంతా తిరగేశాను. ట్రంకు పెట్టెలు, అటక, కుట్టుమిషను సొరుగు, అన్నీ. చివరికి ఎక్కడ దొరికిందనుకున్నారు? దేవుడి మందిరంలో, పటాల వెనక! అమ్మ ప్రతి ఏడూ ఆయుధపూజకి దాన్ని బయటికి తీసి పసుపు, కుంకుమ తడిపి బొట్టు పెట్టి మళ్ళీ లోపల పెడుతోందట. ముప్పై ఏళ్ళ బొట్లు. కుంకుమ సందుల్లోంచి లోపలికి దిగి టేపు పొరలు పొరలుగా అంటుకుపోయింది. "అమ్మా, దీనికి పూజలేంటే!" అని అరిచాను. "మీ నాన్న ఆయుధం అది కాక మరేంటి" అంది అమ్మ.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో నాన్న పాత ఫోటో పెట్టారు. అది చూసి హైదరాబాదు నుంచి ఒకాయన నాకు ఫోన్ చేశారు. మరుగున పడిన సంగీతకారుల గురించి చెప్పి, వాళ్ళ పాటలు ఇంటర్నెట్‌లో పెడతారట. "ఈ ప్రాంతంలో జాజ్‌కి మీ నాన్నగారే ఆద్యులు. ఆయన వాయించింది ఒక్కటైనా ఉంటే పంపండి. సౌండ్ మాత్రం క్లియర్‌గా ఉండాలి" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. జీవితమంతా బూరాయన అనిపించుకున్న మనిషి. పోయేలోపు ఒక్కసారి నలుగురూ ఆయన్ని ఆద్యుడు అనగా పలక మీద రాసి చూపించాలని ఆశపడ్డాను. తప్పేముంది అందులో? ఆశ తప్పు కాదు. నా తొందర తప్పు.

పటాన్‌చెరు బస్టాండు దగ్గర పాత టేపులు బాగుచేసే మనిషి ఒకాయన ఉన్నాడు. క్యాసెట్ విప్పి చూసి నాలుక చప్పరించాడు. "దీన్కి బొట్టు ఎవరు పెట్టిన్రక్కా? మస్తు ఖరాబైంది. ఒక్కసారే నడుస్తది, దీని మీది పొట్టంత రాలిపోతది. ఆ ఒక్కసారిల కంప్యూటర్ల ఎక్కిస్త. మల్ల నన్నడగొద్దు" అన్నాడు. సరేనన్నాను. నాలుగు రోజుల తర్వాత వెళ్తే స్పీకర్లలో వినిపించాడు. సాక్సఫోన్ వస్తోంది! మా నాన్న! నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కానీ దాని మీద దబ్బు దబ్బుమని హ్యామర్.

"పాట మంచిగుంది గనీ ఈ గుద్దులే పరేషాన్ చేస్తున్నయి. ఇప్పుడు కంప్యూటరే వాయిద్యం వేరు, చప్పుడు వేరు చేస్తది. తీసెయ్యాల్నా?" అని అడిగాడు.

"మొత్తం తీసెయ్యండి" అన్నాను.

అతను తీశాడు. ఇంకా రెండు మూడు చోట్ల దబ్బుమని లీలగా వినిపించింది. ఊరుకున్నానా? "ఇక్కడుంది, ఇదిగో ఇక్కడ కూడా ఉంది, పుణ్యం కట్టుకోండి, పూర్తిగా శుభ్రం చెయ్యండి" అని పక్కన కూర్చుని మరీ తీయించాను. అతనే ఒకసారి, "గట్ల తీస్తే అక్కడక్కడ సారు ఊపిరి కోసం ఆగినట్టు ఖాళీ వస్తున్నది" అన్నాడు. ఆగితే ఆగారులెండి అన్నాను. అద్దంలా వచ్చింది పాట. అక్కడి నుంచే ఫోన్లో హైదరాబాదాయనకి పంపించేశాను. "అద్భుతం, ఒంటరిగా ఆకాశంలో వాయిస్తున్నట్టుంది" అని జవాబు పెట్టారు. బస్సులో ఆ మెసేజ్ పదిసార్లు చదువుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న వచ్చారు. కింద టెంట్ హౌస్ నుంచి పెద్ద స్పీకర్ తెప్పించి నాన్న మంచానికి ఆనించి పెట్టాను. ఇద్దరూ తలా ఒక చెయ్యి దాని మీద పెట్టారు. పెళ్ళిలో కన్యాదానానికి చెయ్యి పెట్టినంత భక్తిగా పెట్టారు. పెదనాన్న చెప్పులు కూడా విడిచి వచ్చారు. నేను పాట పెట్టాను.

హాలంతా సాక్సఫోన్ నిండిపోయింది. అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో పరుగున వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ గొంతు మా ఇంట్లో వినబడి పాతికేళ్ళయింది. నేను నాన్న మొహమే చూస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఇంకా పెట్టలేదా?" అన్నారు.

పలక మీద "నడుస్తోంది" అని రాశాను. ఆయన అది చదివి అరచెయ్యి మార్చి చూశారు. పెదనాన్న చెవి కూడా ఆనించి, "టేపు ఖాళీగున్నదేమో జెర సూడు బిడ్డా" అన్నారు. సౌండు పెంచాను. పైనింటివాళ్ళు మెట్లు దిగి వచ్చి తొంగి చూశారు. ఆ ఇద్దరు మాత్రం ఖాళీ గోడకి చెయ్యి పెట్టినట్టు కూర్చున్నారు.

అమ్మే ముందు కనిపెట్టింది. "మీ పెదనాన్న దెబ్బలేవే?" అంది.

అప్పుడు, అప్పుడు వెలిగింది నా బుర్రకి. సన్నటివన్నీ పోయి వాళ్ళకి మిగిలింది ఆ బరువైన దెబ్బ ఒక్కటే. వాళ్ళు చేత్తో వినాలనుకున్నది దాన్నే. "హ్యామర్ చప్పుడు నేనే తీయించేశాను నాన్నా. శుభ్రంగా ఉంటుందని" అని పలక మీద రాశాను. ఆయన దాన్ని చదివారు. పెదనాన్నకి చదువు రాదు. నాన్న ఆయన వైపు తిరిగి పెదాలు కదిపారు, మామూలుగా, గొంతు లేకుండా. నాకు ఆ కదలిక అర్థమైంది. "నిన్ను తీసేశారటన్నా" అన్నారు.

పెదనాన్న నవ్వారు. "కంపెనోళ్ళు తీసేసిన్రు ఒకపారి. మల్ల తీసేసిన్రా?" అని, నా మొహం చూసి నవ్వు ఆపి, "ఏడ్వకు బిడ్డా, తెల్వక చేసినవ్" అన్నారు. తెలియకపోవడమేంటి? ఇరవయ్యేళ్ళు ఆ హ్యామర్ కింద పెరిగినదాన్ని.

ఆ సాయంత్రం నాన్న, ఆయాసం మధ్యలో ఆగుతూ ఆగుతూ, నాకు చెప్పారు. నేను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. ఫోర్జ్ షాపులో మాట వినబడదు. నాన్న గడ్డం దించితే దెబ్బలు మొదలు, ఎత్తితే ఆగాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే కాస్త సందులో ముద్దని తిప్పాలి. సందు ఎంతుండాలో పెదనాన్న ఇనుము రంగు చూసి నిర్ణయిస్తారు, ఏ రెండు సందులూ ఒక్కలా ఉండవు. ఒక్క దెబ్బ తప్పిన తాళంలో పడితే పట్టకారు తిరగబడి చేతులు నుజ్జవుతాయి. అలా ఏళ్ళ తరబడి సందులో బతికి బతికి, వాయించడమూ సందులోనే వాయించడం వచ్చిందట. పెదనాన్న ఎక్కడ కొడతారో తెలియకుండా, ఆ దెబ్బని తప్పించుకుంటూ, దాని మీద ఆనుకుంటూ. "ఆ ఫోర్మన్ ఇచ్చినవి రికార్డులే. నాకు జాజ్ నేర్పింది అన్న. ఆ టేపులో వాయించింది ఇద్దరం. అందులో నేనొక్కణ్ణే ఉంటే అది నేను కాదు, పంపకు" అన్నారు. పంపేశానని రాయడానికి నాకు ధైర్యం చాల్లేదు. బాల్కనీలోకి వెళ్ళి హైదరాబాదాయనకి ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడ్డాను, దయచేసి పెట్టొద్దని. ఆయన నొచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు. ఇంకో ఫోన్ పటాన్‌చెరుకి. తీయకముందుది ఉందా అని అడిగితే, "దాని మీదనే సేవ్ చేసిన గదక్కా. టేపుల ఇగ ఏం లేదు, ఉత్త ప్లాస్టిక్" అన్నాడు.

ఆ వారం నేను మనిషిని కాను. ఆఫీసులో, బస్సులో, స్నానం చేస్తూ కూడా ఆ పాటే విన్నాను. ఊపిరి కోసం ఆగినట్టున్నాయని టేపు బాగుచేసినతను అన్న ఖాళీలున్నాయి చూశారూ, అవే దెబ్బలు పడ్డ చోట్లు. వాటిని లెక్కపెట్టి, పెదనాన్న చేత మళ్ళీ కొట్టిస్తే? ఆ దెబ్బల్ని పాటలో కలిపేస్తే? నాన్నకి ఇంకా ఎన్నాళ్ళుందో తెలియదు. చేసి తీరాలనుకున్నాను. తర్వాతి ఆదివారం నాన్న చేత పెదనాన్నకి విషయం చెప్పిస్తే సరేనన్నారు. చెక్కపీట నాన్న మంచం పక్కన నేల మీద వేశాను, పచ్చడిబండ పెదనాన్న చేతికిచ్చాను. నాన్న ఒక పక్కకి ఒత్తిగిలి చెయ్యి కిందికి వేలాడేసి, అరచెయ్యి పీట అంచున పెట్టారు. ఆయన కళ్ళలో ఆ రోజు వెలుగు చూశాను. అదే నన్నిప్పటికీ నిద్రపోనివ్వదు.

పాట పెట్టాను. వాళ్ళిద్దరికీ అది వినబడదు, నాకు వినబడుతుంది. కాబట్టి దెబ్బ ఎక్కడో నేను చెయ్యి దించి చూపించాలి. ఖాళీ రాగానే చెయ్యి దించాను. పెదనాన్న కొట్టారు. అప్పటికే సాక్సఫోన్ మళ్ళీ అందుకుంది, దెబ్బ వెళ్ళి దాని నెత్తిన పడింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఈసారి ముందే దించబోయాను, మరీ ముందైపోయింది. మూడోసారి. నాలుగోసారి. నేను విని, చెయ్యి దించి, ఆయన చూసి కొట్టేసరికి ఆ సందు దాటిపోతోంది. నాన్న నా చెయ్యి చూసి, పెదనాన్న చెయ్యి చూసి, గడ్డం దించుతున్నారు, ఎత్తుతున్నారు. కానీ పాటలో తానెక్కడున్నారో ఆయనకి తెలియడం లేదు. ఒకరికి దెబ్బ తెలుసు, ఒకరికి సందు తెలుసు, పాట మాత్రం ఏమీ తెలియని నాకు వినబడుతోంది. "ఇంకొక్కసారి పెదనాన్నా, ఒక్కసారి" అని ఏడుస్తూ బతిమాలాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఎనభై దాటిన మనిషి, పచ్చడిబండ పైకెత్తిన చెయ్యి వణుకుతోంది.

ఆరోసారి కూడా దెబ్బ ఆలస్యంగానే పడింది. పెదనాన్న బండని మెల్లగా పీట పక్కన పెట్టేశారు.

"వద్దు బిడ్డా, బంద్ చెయ్. నేను గిట్ల కొడితే తమ్మి చేతులు పోతయి."

నాన్న ఆయన పెదాలు చూశారు. పీట అంచున పెట్టిన చెయ్యి తీసుకుని, రెండు చేతులూ దుప్పట్లోకి దాచుకున్నారు.